నేర్చుకున్న గంటల బిల్లు ఎవరు కట్టాలి?

సభలోని పెద్దలకు, స్వతంత్రంగా పనిచేసుకుంటున్న తోటి వృత్తినిపుణులకు, కొత్తగా ఈ దారిలోకి వస్తున్న యువతీయువకులకు నమస్కారం.

నాకిచ్చిన అంశం ఒక్క వాక్యంలో చెప్పవచ్చు. క్లయింటు పని కోసం ఫ్రీలాన్సర్ కొత్తగా ఏదైనా నేర్చుకోవలసి వస్తే, ఆ గంటలకు డబ్బు తీసుకోవచ్చా, తీసుకోకూడదా అన్నదే ప్రశ్న. నెలాఖరున టైమ్‌షీట్, అంటే పనిచేసిన గంటల పట్టిక, నింపుతున్నప్పుడు ఇది మనలో ప్రతి ఒక్కరికీ ఎదురవుతుంది. ‘డాక్యుమెంటేషన్ చదవడం, ఆరు గంటలు’ అని ఉన్నదున్నట్టు రాయాలా, ఆ ఆరు గంటలను ‘ప్రోగ్రామింగ్ పని’ అనే వరుసలో కలిపేయాలా, లేక అసలు రాయకుండా వదిలేయాలా అని చెయ్యి ఆగిపోతుంది. వీటిలో రెండో పద్ధతి తప్పని మొదటే చెప్పేస్తాను. చదివిన గంటలకు డబ్బు తీసుకోవడం న్యాయమా కాదా అన్నది చర్చించదగిన విషయమే కానీ, చదివిన గంటలను చేసిన గంటలుగా చూపించడం మాత్రం చర్చకు తావులేని అబద్ధం. మిగతా ప్రసంగమంతా మొదటి, మూడో పద్ధతుల గురించే.

ఈ ప్రశ్నకు సాధారణంగా రెండు తొందరపాటు సమాధానాలు వినిపిస్తుంటాయి. పని వచ్చినవాడినని చెప్పుకొని వచ్చావు గనుక నేర్చుకోవడం పూర్తిగా నీ సొంత ఖర్చు అని కొందరంటారు. ఈ పని ఒప్పుకోకపోతే నేను ఆ చదువు చదివేవాడినే కాదు గనుక ఆ గంటలన్నీ క్లయింటువే అని మరికొందరంటారు. మొదటి మాట ప్రకారం నడిస్తే, క్లయింటు దగ్గర తప్ప ప్రపంచంలో మరెక్కడా పనికిరాని విషయాలను కూడా మనం ఉచితంగా నేర్చుకోవలసి వస్తుంది. రెండో మాట ప్రకారం నడిస్తే, ఎంత తక్కువ తెలిసినవాడికి అంత ఎక్కువ బిల్లు ముట్టుతుంది. రెండింటిలోనూ ఒకే లోపం ఉంది. నేర్చుకోవడం అనే దాన్నంతటినీ ఒకే రకమైన పనిగా చూస్తున్నారు. అందులో కనీసం రెండు రకాలున్నాయని, వాటిని విడదీస్తే చిక్కుముడి చాలావరకు వీడిపోతుందని నా అభిప్రాయం.

ముందుగా ఉద్యోగుల సంగతి చూద్దాం. అక్కడ ఈ ప్రశ్నకు చట్టమే సమాధానం చెప్పింది. అమెరికా కార్మిక నిబంధనల ప్రకారం, శిక్షణ సమయాన్ని పనిగంటల్లో లెక్కించకుండా ఉండాలంటే నాలుగు షరతులూ ఒకేసారి నెరవేరాలి. శిక్షణ పనివేళలకు బయట జరగాలి, హాజరు స్వచ్ఛందంగా ఉండాలి, చేస్తున్న ఉద్యోగంతో దానికి నేరుగా సంబంధం ఉండకూడదు, ఆ సమయంలో వేరే పనేదీ చేయించకూడదు. ఒక్కటి తప్పినా అది పని సమయమే. యూరోపియన్ యూనియన్ 2019లో తెచ్చిన పని పరిస్థితుల ఆదేశం కూడా, చట్టప్రకారమో సామూహిక ఒప్పందం ప్రకారమో యజమాని తప్పనిసరిగా ఇప్పించవలసిన శిక్షణకు ఉద్యోగి నుంచి ఖర్చు వసూలు చేయరాదని, ఆ సమయాన్ని పని సమయంగానే లెక్కించాలని చెప్పింది. పని కోసం నేర్చుకోవడం పనిలో భాగమేనన్న సూత్రం ఇక్కడ స్పష్టంగా ఉంది. ఆ ఖర్చు భరించవలసింది యజమాని అన్నదీ అంతే స్పష్టంగా ఉంది.

అయితే ఫ్రీలాన్సర్‌కు యజమాని ఎవరు? క్లయింటు యజమాని కాడు, కొనుగోలుదారు. యజమాని, పనివాడు ఇద్దరూ ఫ్రీలాన్సరే. కాబట్టి తన పనివాడికి శిక్షణ ఇప్పించవలసిన బాధ్యత యజమానిగా అతనిదే, అందుకు కావలసిన డబ్బును ధరలో కలుపుకొని సంపాదించుకోవలసిన బాధ్యతా అతనిదే. మనలో చాలామంది గంట రేటును పక్కవాడు ఎంత తీసుకుంటున్నాడో చూసి నిర్ణయించుకుంటారు గానీ, ఆ గంట వెనక ఎన్ని గంటలు నిలబడి ఉన్నాయో లెక్క కట్టరు. ఒకసారి లెక్క కట్టి చూద్దాం. వారానికి 40 గంటల చొప్పున 52 వారాలకు 2080 గంటలు. సెలవులు, ఒంట్లో బాగాలేని రోజులు, కొత్త పనుల కోసం మాట్లాడుకోవడం, కొటేషన్లు రాయడం, లెక్కలు చూసుకోవడం, బాకీలు వసూలు చేసుకోవడం పోగా బిల్లు వేయగలిగిన గంటలు 1200 మిగిలాయని అనుకుందాం. మన వృత్తిలో వెనకబడకుండా ఉండడానికి ఏడాదికి 200 గంటల చదువు అవసరమనుకుంటే, బిల్లు వేసే ప్రతి గంటా పది నిమిషాల చదువును తనతో పాటు మోయాలి. అంటే మన చదువుకు క్లయింట్లందరూ ఇప్పటికే కొద్దికొద్దిగా చెల్లిస్తున్నట్టే లెక్క, లేదా చెల్లించేటట్టుగా మన రేటు ఉండి తీరాలి. రేటులో ఆ పది నిమిషాలూ కలిపినవాడు మళ్లీ విడిగా ‘నేర్చుకున్న గంటలు’ అని బిల్లు వేస్తే ఒకే సరుకును రెండుసార్లు అమ్మినట్టు అవుతుంది. కలపనివాడు సరిదిద్దుకోవలసింది తన రేటును. క్లయింటు ముందు పెట్టే టైమ్‌షీట్‌లో ఆ లోటు పూడ్చుకోకూడదు.

1878లో లండన్ కోర్టులో చిత్రకారుడు విజ్లర్, తన చిత్రాన్ని దారుణంగా విమర్శించిన కళావిమర్శకుడు రస్కిన్ మీద పరువునష్టం దావా నడిపాడు. రెండు రోజుల శ్రమకు రెండు వందల గినీలు (అప్పటి బ్రిటిష్ డబ్బు) అడుగుతారా అని ఎదుటి న్యాయవాది నిలదీసినప్పుడు, కాదు, ఒక జీవితకాలపు పనిలో సంపాదించిన జ్ఞానానికి అడుగుతున్నాను అని ఆయన బదులిచ్చాడు. ఈ మాటను మన వృత్తుల వాళ్లు చాలా ఇష్టంగా చెప్పుకుంటారు, చెప్పుకోవడం సబబే. కానీ ఒక సంగతి గమనించండి. ఆయన జ్ఞానానికి ధర అడిగాడు, ఆ జ్ఞానం సంపాదించిన ఏళ్లను గంటల చొప్పున కొనుగోలుదారు ఖాతాలో రాయలేదు. అప్పటికే చేతిలో ఉన్న విద్యకు ఎక్కువ ధర అడగడం వేరు, ఇంకా చేతికి రాని విద్యను కొనేవాడి ఖర్చుతో సంపాదించుకోవడం వేరు.

ఈ రెండో పరిస్థితి మీద నాకు తెలిసినంతలో అత్యంత స్పష్టమైన తీర్పు న్యాయవాద వృత్తిలో ఉంది. గంటల లెక్కన బిల్లు వేయడం న్యాయవాదులకు పాత అలవాటు, అందుకే మనకు ఇప్పుడు ఎదురవుతున్న తగాదాలు వాళ్లకు ముందే ఎదురయ్యాయి. అమెరికాలోని మాసచూసెట్స్ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం 1996లో ఒక న్యాయవాది ఫీజు గురించి విచారించింది. సివిల్ దావాల్లో దీర్ఘకాల అనుభవం, మంచి పేరు ఉన్న ఆ న్యాయవాది, మద్యం తాగి వాహనం నడిపినట్టు ఆరోపణ వచ్చిన ఒక యువకుడి కేసు ఒప్పుకున్నాడు. అలాంటి కేసే కాదు, అసలు క్రిమినల్ కేసే అంతకుముందు తాను చేయలేదని ఆ కుటుంబానికి ముందుగానే చెప్పాడు. గంటకు ఎంత తీసుకుంటాడో కూడా చెప్పాడు. తర్వాత 227 గంటల పని జరిగింది, దాదాపు 50,000 డాలర్ల బిల్లు వచ్చింది. అంతకుముందు ఆ కుటుంబం సంప్రదించిన ఇతర న్యాయవాదులు అదే కేసుకు 3,000 నుంచి 10,000 డాలర్ల దాకా అడిగారు.

ఈ కేసులో నన్ను ఆలోచింపజేసే విషయాలు అనేకం. గంటలు కల్పితమని ఎవరూ నిరూపించలేదు. అతను నిజంగానే శ్రద్ధగా చదివాడు, శ్రద్ధగా వాదించాడు. ఎవరికీ అంతగా తట్టని వాదనతో కీలకమైన సాక్ష్యాన్ని విచారణకు రాకుండా ఆపించి యువకుణ్ని నిర్దోషిగా బయటపడేశాడు. అనుభవం లేదన్న సంగతి దాచలేదు. అయినా న్యాయస్థానం ఆ ఫీజు స్పష్టంగా మితిమీరినదని తేల్చి అతన్ని బహిరంగంగా మందలించింది. తగిన అనుభవం ఉన్నవారికి రోజువారీగా అలవాటైపోయే పనుల మీద విపరీతమైన సమయం వెచ్చించి, ఆ చదువు ఖర్చును క్లయింటు మీద వేయకూడదన్నది ఆ తీర్పులోని సారం.

న్యాయవాదులకు వర్తించే నియమం ప్రోగ్రామర్‌కో, డిజైనర్‌కో, అనువాదకుడికో చట్టరీత్యా వర్తించదు. కానీ అందులోని తర్కం మన పనికీ సరిపోతుంది. ‘నాకు ఇది కొత్త’ అని చెప్పినంత మాత్రాన బాధ్యత తీరిపోదని అది చెబుతోంది. ఆ కుటుంబానికి తెలిసిందల్లా అతనికి అనుభవం లేదన్న సంగతి, గంట రేటు. ఆ అనుభవం లేకపోవడం తమకు ఎన్ని గంటల రూపంలో తగులుతుందో వాళ్లకు తెలిసే వీలు లేదు. వృత్తి తెలియని మనిషి దాన్ని ఊహించలేడు, ఊహించగలిగింది మనమే. కాబట్టి చెప్పవలసింది సంఖ్య. ‘ఇది నాకు కొత్త’ అన్న మాట పక్కన ‘అందువల్ల మీకు ఇన్ని గంటలు అదనంగా పడుతుంది, అందులో ఇంత నేను భరిస్తాను’ అన్న మాట కూడా ఉండాలి.

ఇక రెండు రకాల నేర్చుకోవడం అన్నాను గదా, దాన్ని ఒక పని మీద పెట్టి చూపిస్తాను. ఒక ఆన్‌లైన్ దుకాణం వాళ్లు నెలనెలా దానంతటదే చెల్లింపు జరిగే సదుపాయం కావాలని ఒక ప్రోగ్రామర్‌ను అడిగారనుకుందాం. అతనికి ఆ ప్రోగ్రామింగ్ భాష బాగా వచ్చు, కానీ వాళ్లు ఎంచుకున్న చెల్లింపుల కంపెనీ సేవను ఎప్పుడూ వాడలేదు. మొదటి రోజు డాక్యుమెంటేషన్ చదివి, పరీక్ష ఖాతా తెరిచి, ఒక నమూనా చెల్లింపు పంపాడు. చెల్లింపు జరిగింది, కానీ జరిగినట్టు ఆ కంపెనీ నుంచి సర్వర్‌కు దానంతటదే వచ్చిన సందేశాన్ని (దీన్ని వెబ్‌హుక్ అంటారు), అది కంపెనీ పంపిందేనని రుజువు చేసే డిజిటల్ సంతకం సరిపోలలేదంటూ అతని ప్రోగ్రాము తిప్పికొట్టింది. చాలాసేపు తల పట్టుకున్నాక తెలిసిందేమిటంటే, సంతకాన్ని సరిచూడవలసింది సందేశం వచ్చిన ముడి రూపంతోనని, అతను వాడుతున్న ఫ్రేమ్‌వర్క్, అంటే ముందే రాసి ఉంచిన ప్రోగ్రాముల చట్రం, దాన్ని ముందే విప్పి వేరే రూపంలో చేతికిస్తోందని. మర్నాడు మరో చిక్కు. దుకాణం పాత డేటాబేస్‌లో ఆర్డరు స్థితిని 1 నుంచి 9 దాకా అంకెలతో రాసి ఉంచారు. 7 అంటే ఏమిటో ఎక్కడా రాసి లేదు, రాసిన మనిషి వెళ్లిపోయి ఏళ్లయింది. పాత ఆర్డర్లు ఒక్కొక్కటీ తీసి, ఖాతా పుస్తకాలతో పోల్చి, 7 అంటే కొంత డబ్బు తిరిగి ఇచ్చిన ఆర్డరు అని తేల్చుకోవడానికి పూట గడిచింది.

ఈ రెండు రోజుల్లోనూ అతను నేర్చుకున్నాడు. కానీ 7 అర్థం తెలుసుకున్న పూట పూర్తిగా దుకాణం వాళ్లది. ఆ జ్ఞానం అతను రేపు ఇంకెక్కడికీ తీసుకుపోలేడు. ఎంతటి నిపుణుడు వచ్చినా ఆ పూట ఖర్చు కావలసిందే, ఎందుకంటే ఆ అజ్ఞానం అతనిది కాదు, వాళ్ల రికార్డులలోని ఖాళీ. దాన్ని ధైర్యంగా బిల్లులో రాయాలి, తెలుసుకున్నది కాగితం మీద పెట్టి వాళ్లకు అప్పగించాలి కూడా. సంతకం విషయంలో తల పట్టుకున్న సమయం దీనికి పూర్తిగా వ్యతిరేకం. వెబ్‌హుక్‌లతో అలవాటున్న ఏ ప్రోగ్రామర్‌కైనా అది తెలిసి ఉంటుంది. ఇప్పుడు నేర్చుకున్నాడు గనుక వచ్చే పదేళ్లు ప్రతి క్లయింటు దగ్గరా అతనికి అది పనికొస్తుంది. ఆ సమయాన్ని అతనే భరించాలి. వీటి మధ్యలో ఆ చెల్లింపుల కంపెనీ డాక్యుమెంటేషన్ చదివిన సమయం ఉంది. అనుభవజ్ఞుడైనా ఆ సేవ కొత్తదైతే రెండు మూడు గంటలు చదవక తప్పదు. అంతవరకు బిల్లు వేయడం న్యాయం, తాను ఎనిమిది గంటలు చదివితే మిగతా ఐదు గంటలు వదులుకోవడం న్యాయం.

అంటే నేను అడిగే ప్రశ్నలు రెండు. ఈ జ్ఞానం పని అయిపోయాక ఎవరి దగ్గర ఉంటుంది? ఈ వృత్తిలో సమర్థుడైన మరొకరు వచ్చినా ఈ గంటలు పట్టేవా? ఈ రెండింటికీ సమాధానాలు ఎప్పుడూ ఒకే దిక్కు చూపిస్తాయని చెప్పలేను. ఉదాహరణకు వైద్య పరికరాల పుస్తకాన్ని అనువదించే వ్యక్తి, ఆ కంపెనీ తన పరికరాల భాగాలకు వాడే మాటలతో ఒక పదకోశం తయారుచేసుకుంటాడు. ఎంత అనుభవం ఉన్నవాడికైనా ఆ గంటలు తప్పవు, అదే సమయంలో ఆ పదకోశంలో కొంత భాగం రేపు మరో వైద్య అనువాదానికీ అక్కరకొస్తుంది. ఇలాంటి చోట పదకోశాన్ని క్లయింటుకు అప్పగిస్తే పూర్తి ధర తీసుకోవచ్చునని, తన దగ్గరే ఉంచుకొని అనువాదం మాత్రమే ఇస్తే ఆ గంటలు విడిగా రాయకూడదని నేననుకుంటాను. వైద్యశాస్త్రపు మౌలిక విషయాలు చదువుకున్న గంటలు మాత్రం ఏ విధంగానూ క్లయింటువి కావు. ఆ విషయాలు తెలియనివాడు ఆ పని ఒప్పుకోకుండా ఉండవలసింది.

క్లయింటే ఫలానా పనిముట్టు వాడి తీరాలని పట్టుబట్టే సందర్భం వేరు. కృత్రిమ మేధ పనిముట్లు వచ్చాక ఇది తరచుగా జరుగుతోంది. అమెరికా న్యాయవాదుల సంఘమైన అమెరికన్ బార్ అసోసియేషన్ 2024 జులైలో వెలువరించిన 512వ అభిప్రాయ పత్రం దీని గురించి నేరుగా మాట్లాడింది. న్యాయవాది తన క్లయింట్ల పనుల్లో మామూలుగా వాడబోయే సాంకేతికతను నేర్చుకున్న సమయానికి ఏ క్లయింటు దగ్గరా డబ్బు తీసుకోకూడదు. కానీ ఒక క్లయింటు ప్రత్యేకంగా ఫలానా పనిముట్టే వాడమని కోరితే, అది న్యాయవాదికి తెలియనిదైతే, నేర్చుకున్నందుకు బిల్లు వేయవచ్చు. అయితే ముందుగా ఒప్పుకొని ఉండాలి, ఆ ఒప్పందం రాతపూర్వకంగా ఉంటే మేలు. నేను ఇంతకుముందు చెప్పిన విభజనే ఇందులోనూ ఉందని మీరు గమనించి ఉంటారు. కోరిక ఎవరిది, లాభం ఎవరికి మిగులుతుంది అన్నవే రెండు కొలతలు.

గంటల లెక్కన బిల్లు వేసే పద్ధతిలో ఇంకొక వైపు ఉంది, దాన్ని మనవాళ్లు తగినంతగా పట్టించుకోరు. 1936లో టి.పి. రైట్ అనే ఇంజినీరు విమానాల తయారీ ఖర్చులను పరిశీలించి, మొత్తం తయారైన విమానాల సంఖ్య రెట్టింపైన ప్రతిసారీ ఒక్కో విమానానికి పట్టే శ్రమ సుమారు 80 శాతానికి తగ్గుతోందని చూపించాడు. మన చేతిపనిలో ఆ శాతం అదే ఉంటుందని నేననను, కానీ దిశ అదే. మొదటిసారి ఇరవై గంటలు పట్టిన పని ఐదోసారికి చాలా తక్కువలో అయిపోతుంది. గంట రేటు మార్చకుండా గంటలే అమ్ముకునేవాడు మొదటి క్లయింటు దగ్గర తన అనుభవలేమికి డబ్బు తీసుకొని, ఐదో క్లయింటు దగ్గర తన నైపుణ్యానికి నష్టపోతాడు. మొదటి క్లయింటుకు అన్యాయం, చివరికి తనకూ అన్యాయం. అందుకే తరచుగా చేసే పనులకు మొత్తం పని మీద ధర చెప్పడం మంచిదని నా అభిప్రాయం. ఆ ధర సమర్థుడికి పట్టే గంటల మీద ఆధారపడాలి. అప్పుడు మొదటిసారి మనకు పట్టిన అదనపు గంటలు మనం పెట్టిన పెట్టుబడి అవుతాయి, తర్వాతి పనుల్లో మిగిలిన గంటలు ఆ పెట్టుబడి మీద మనకు వచ్చే రాబడి అవుతాయి. క్లయింటు ధర మొదటిసారీ ఐదోసారీ ఒకటే.

ఇప్పుడే మొదలుపెట్టినవారు ఇక్కడ చాలామంది ఉన్నారు, వారి ఇబ్బంది నాకు తెలుసు. అనుభవం లేనివారికి ప్రతి గంటా నేర్చుకునే గంటే, అన్నీ వదులుకుంటే బతకడం ఎలా అని అడుగుతారు. వారికి నేను చెప్పేది ఇది. మొత్తం గంటల్లో ఎక్కువ భాగం ఇప్పటికే వచ్చిన విద్యకు సంబంధించినదై, కొత్తది అంచున కొద్దిగా మాత్రమే ఉండే పనులను ఒప్పుకోండి. పని అంతా కొత్తదే అయితే దాన్ని క్లయింటు పనిగా కాక, గడువు లేని సొంత ప్రయోగంగా ముందొకసారి చేసి చూడండి. కొత్తవారు సాధారణంగా గంట రేటు తగ్గిస్తారు, గంటలు మాత్రం పట్టినన్ని రాస్తారు. దానికంటే రేటు గౌరవప్రదంగా ఉంచి, బిల్లులో గంటలు తగ్గించి, తగ్గించిన గంటలు ఎన్నో క్లయింటుకు కనిపించేలా రాయడం మేలు. ‘పట్టిన సమయం 14 గంటలు, నా అభ్యాసానికి వదులుకున్నవి 5, బిల్లు 9 గంటలకు’ అన్న వరుస చూసిన క్లయింటు, వచ్చే ఏడాది అదే పని తొమ్మిది గంటల్లో పూర్తిచేసినప్పుడు ధర ఎందుకు మారలేదని అడగడు.

చివరగా, కొటేషన్ ఇచ్చాక, పని సగంలో ఉండగా తెలియనిది బయటపడితే ఏం చేయాలన్నది. మన దగ్గర గొడవలన్నీ ఇక్కడే పుడతాయి. బయటపడిన రోజునే పని ఆపి రాయాలి, బిల్లుతో పాటు వివరణ పంపకూడదు. ఉత్తరంలో మూడు విషయాలుంటే చాలు: తెలియనిది ఏమిటి, అది మీ వ్యవస్థకు సంబంధించిన సంగతా లేక నాకు రాని విద్యా, దానికి నా అంచనా ఎన్ని గంటలు. ‘మీ పాత డేటాబేస్‌లో ఆర్డరు స్థితుల అర్థం రాసి లేదు. తేల్చడానికి నాలుగు గంటలు పడుతుంది, ఇది అంచనాలో లేదు గనుక మీ అనుమతి కావాలి. ఇదిగాక చెల్లింపు సందేశాల భద్రత గురించి నేను చదువుకోవలసింది ఉంది, అది నా ఖర్చు, గడువు మాత్రం ఒకరోజు జరుగుతుంది’ అని ఇంత సూటిగా రాయవచ్చు. క్లయింటు అంగీకరిస్తే పని సాగుతుంది. ఆ నాలుగు గంటలకు తాను చెల్లించనంటే, స్థితుల జాబితా తన మనుషుల చేత తయారుచేయించి పంపమని కోరి, అది వచ్చేదాకా ఆ భాగాన్ని పక్కన పెట్టి మిగతా పని పూర్తిచేసి ఇవ్వాలి.